నేను కొన్న కండెన్సర్

ఖమ్మం.

మా అక్కకు, తమ్ముడు ముత్తయ్య రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నాను. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావకు దగ్గు తగ్గిందా? మేము బాగున్నాం. నేనైతే మరీ బాగున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా లక్ష్మికి పాప పుట్టింది కదా, నా కాలు నేల మీద నిలవడం లేదు. అచ్చం మన అమ్మ ముక్కే అక్కా, అచ్చం అదే.

ఇక్కడ నాకు దొరికిన గేటు కాపలా పని తేలికే. అడవి గాలికి అలవాటుపడ్డ ఒళ్ళు, ఈ ఎండకే ఓర్వలేకపోతోంది. లక్ష్మి వాళ్ళది పై అంతస్తు, స్లాబు పెనంలా కాలుతుంది. పాప ఒంటి నిండా చెమటకాయలు. అంతలో ఏసీ చల్లదనం ఆగింది. మెకానిక్ చూసి, కండెన్సర్ పోయింది, కొత్త ఏసీ కొనడమే మేలని వెళ్ళిపోయాడు. ఆదివారం లోపు బాగుకాకపోతే తల్లీబిడ్డలను తీసుకుపోతానని కల్లూరు నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది.

కండెన్సర్ నాకు తెలియదా? మన బోరు మోటారుకు, ఫ్యాన్లకు ఎన్ని మార్చలేదు? బయటి డబ్బాలో ఫ్యాను మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. మెయిన్ ఆపి, పాతదానిలో నిలిచిన కరెంటును బల్బు తగిలించి తీసేసి, అదే నంబరుది కొత్తది తెచ్చి బిగించాను. స్విచ్ వేయగానే గిర్రున తిరిగింది. లక్ష్మి పాపను ఎత్తుకొచ్చి, "చూడవే, మీ తాత ఇంజినీర్ అయిండు" అని నవ్వింది. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది అక్కా.

సాయంత్రం దాకా గాలి వచ్చింది, చల్లదనం రాలేదు. మెకానిక్‌ను మళ్ళీ పిలిచాం. ఫ్యాను బాగుచేశావని మెచ్చుకుని, డబ్బా వెనక వరసలు తిరిగిన గొట్టాలు చూపించాడు.

"పెద్దయ్యా, నువ్వు మార్చింది కెపాసిటర్. ఏసీల కండెన్సర్ అంటే గిది. అంతా తుప్పు తిన్నది, గ్యాస్ నిలవదు."

మనూళ్ళో ఆ చిన్న డబ్బీనే కదా అందరం కండెన్సర్ అంటాం.

"గిప్పుడేం జేద్దాం నాయనా?" అంది లక్ష్మి. కొత్త ఏసీ కొనే డబ్బు మా దగ్గర ఎక్కడిది?

రేపు పొద్దున వాళ్ళు కల్లూరు పోతున్నారు. వానలు పడ్డాక వస్తామంటున్నారు గానీ, అల్లుడు అక్కడే పని చూసుకుంటున్నాడట. ఇక రారు అక్కా. నేనూ వెంట పోదామంటే, బిడ్డ అత్తగారింట్లో ఎన్నాళ్ళని కూర్చోగలను?

అయినా నా సంతోషం తగ్గలేదు. చల్లగా లేకపోయినా ఆ ఫ్యాను చప్పుడుకు పాప నా ఒళ్ళో నిద్రపోతుంది. నేనిది రాస్తున్నప్పుడూ ఒళ్ళోనే ఉంది, అందుకే అక్షరాలు వంకర.

బావకు, మన వాడలో పెద్దలందరికీ నా దండాలు చెప్పు. పాపను మనసారా దీవించు. నువ్వు పాపకని అల్లుతున్న ఈత చాప బస్సులో వేసినప్పుడు, ఖమ్మం దాకా తేవద్దని, దారిలో కల్లూరులోనే దింపమని కండక్టరుకు చెప్పు.

నీ తమ్ముడు,
ముత్తయ్య