లేయోంటిన్ ఇంకా రాలేదు

జూన్ 29, బుధవారం

మొదట ఒక దిద్దుబాటు. మా అక్క నా ఇంట్లో కాఫీ చల్లారేదాకా కూడా కూర్చోదని నా గురించి సిరీల్ ఊరంతా చెప్పుకునేవాడు. తప్పు. నిన్న సాయంత్రం వచ్చాను, తెల్లవారింది, ఇంకా ఇక్కడే ఉన్నాను. కాఫీ కూడా చల్లారింది. చూసి ఒప్పుకోడానికి వాడే లేడు.

సిరీల్ నా తమ్ముడు. నిన్న పొద్దున తోటలో, మనిషి దూరేంత పెద్ద పావురాల గూటి నిచ్చెన కింద పడి ఉన్నాడట. గుండె. పక్కింటి మార్సెల్లా చూసింది. గింజల డబ్బా చేతిలోనే ఉందనీ, మూత కూడా ఊడలేదనీ ఆవిడ రెండుసార్లు చెప్పింది, అదేదో ఊరట అన్నట్టు.

నాకేమీ అనిపించలేదు. అందుకే రాసి పెడుతున్నాను. ఇలాంటివి తర్వాత మనకి అనుకూలంగా మార్చి చెప్పుకుంటాం.

జూన్ 30, గురువారం

సిరీల్‌కి తొడగడానికి సూటు దొరికింది. నాఫ్తలీన్ వాసన. దాన్లోనే పంపిద్దామన్నాను. కాదన్నవాళ్ళు లేరు.

వంటింటి బల్ల మీద ఒక గడియారం ఉంది, చెక్కపెట్టెలో, సీలు వేసి. ఇల్లంతా దాని టిక్కు టిక్కే. మా నాన్నకీ ఇలాంటిదే ఉండేది. పందెం పావురం ఇంటికి రాగానే దాని కాలి రబ్బరు రింగు తీసి ఇందులో వేసి తాళంచెవి తిప్పాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. పావురం కప్పు మీద కూర్చుని లోపలికి రాకపోతే రానట్టే. మనుషుల్లోనూ ఇలాంటి నియమం ఉంటే బాగుండును.

సిరీల్ ఆదివారమే ఒక పావురాన్ని బుట్టలో పెట్టి బార్సిలోనా పందేనికి పంపాడని మార్సెల్లా చెప్పింది. లారీలో అంత దూరం తీసుకుపోయి వదిలితే అవి ఎగిరి ఇంటికి రావాలి. లారీ బయల్దేరాక వీడు పోయాడు. లారీకి ఎవరు చెప్తారు?

సాయంత్రం ఆవిడ గిన్నె నిండా పాముచేప పులుసు తెచ్చింది. ఆకుకూరల్లో ఉడికించిన ఈ పులుసు కోసం గెంట్ నగరం నుంచి కార్లలో వచ్చి ఆవిడ హోటల్ ముందు వరసలో నిలబడతారు. తిన్నాను. గడ్డి తిన్నట్టుంది. బాగుందన్నాను.

జూలై 1, శుక్రవారం

పొద్దున రేడియోలో చెప్పారు, బార్సిలోనాలో పావురాల్ని వదిలారట. శవపేటిక ఓక్ చెక్కదా, పైన్ చెక్కదా అని ఫోన్ వచ్చింది. పైన్ అన్నాను.

జూలై 2, శనివారం

సిరీల్‌ని పూడ్చాం. పావురాల క్లబ్బు మగవాళ్ళంతా నల్ల సూట్లలో వచ్చారు. ఒక్కడూ గోతిలోకి చూడలేదు. తలలన్నీ ఆకాశానికే. పాదరీగారు ఊరికి కొత్త. ఇంత భక్తి నేనెక్కడా చూడలేదండీ అని తర్వాత నాతో అన్నాడు. ఆయన్ని దిద్దలేదు. పందెం పావురాలు ఇళ్ళకి వచ్చే వేళ అది. ఎదురుగాలి. ఒక్కొక్కడికీ ఒకటో రెండో రావాలి. సిరీల్ ఉన్నా అదే చేసేవాడు.

తర్వాత మార్సెల్లా హోటల్లో అందరికీ కాఫీ, రొట్టెలు, జున్ను, హామ్. కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. నా వెనక బల్ల దగ్గర ఎవరో అడిగారు.

"లేయోంటిన్ వచ్చిందా?"

"ఇంకా లేదు. వస్తుందన్న నమ్మకం లేదు, ముసల్దైపోయింది."

"అది మొండిఘటం. వస్తుంది."

నేను వెనక్కి తిరిగి, "వచ్చాను. జున్ను రొట్టె తింటున్నాను," అన్నాను.

చెంచాలు ఆగిపోయాయి. క్లబ్బు పెద్ద ఓమెర్‌కి చెవులు ఎర్రబడ్డాయి. సిరీల్ పంపిన ఆడపావురం పేరూ లేయోంటినే అట, నా పేరే. ఎందుకా పేరని అడిగితే ఓమెర్ కప్పులోకి చూశాడు. మార్సెల్లా మాత్రం దాచలేదు.

"చెయ్యి పెడితే పొడుస్తుంది, టీచరమ్మా. సిరీల్‌ని తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు."

నేను సిరీల్‌నీ పొడిచేదాన్ని. ఆ ఒక్క తేడా ఉంది.

జూలై 3, ఆదివారం

చేతులకి పని కావాలనిపించింది. వాడి బట్టలన్నీ ఉతికాను. దుప్పట్లు, తువ్వాళ్ళు, చొక్కాలు. గూటి తలుపు వెనక వేలాడుతున్న, గూటి పనికి వాడు వేసుకునే బూడిదరంగు దుమ్ముకోటు కూడా, మరిగే నీళ్ళలో వేసి. అన్నీ తోటలో ఆరేశాను.

మధ్యాహ్నం సరస్సు మీదుగా ఒక పావురం వచ్చింది. ముదురు నీలం. తక్కువ ఎత్తులో, ఒక రెక్క ఈడ్చుకుంటున్నట్టు. గూటి మీద ఒక చుట్టు తిరిగింది. కాళ్ళు కిందికి చాపింది, దిగబోతోంది. గాలికి దుప్పట్లన్నీ ఒక్కసారి లేచాయి. అది ఉలిక్కిపడి పక్కకి వాలి, మార్సెల్లా హోటల్ వెనక కరెంటు తీగల వైపు పోయింది. ఆ తర్వాత కనబడలేదు.

మార్సెల్లా కంచె దగ్గర నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

"నాన్న పావురాలాయన, తమ్ముడు పావురాలాయన. పావురం రావలసిన రోజున దుప్పట్లు ఆరేస్తారా ఎవరైనా, టీచరమ్మా?"

ఎవరూ ఆరెయ్యరు. ఈ చుట్టుపక్కల ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. పందెం రోజున అమ్మ రుమాలు కూడా బయట ఆరేసేది కాదు. సైకిల్ వాళ్ళని కూడా దిగి నడవమని నాన్న గేటు దగ్గర కేకలేసేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినది ఇవాళ ఎక్కడికి పోయిందో తెలీదు.

దుప్పట్లు తడిగానే మడతపెట్టాను.

జూలై 4, సోమవారం

ఓమెర్ బుట్టలతో వచ్చి మిగతా పావురాల్ని తీసుకెళ్ళాడు. నాకేమైనా అయితే నువ్వే పట్టుకెళ్ళు అని సిరీల్ ఎప్పుడో చెప్పి పెట్టాడట. వాటిని ఇక బయటికి వదలరు. గుడ్లు పెట్టించి పిల్లల్ని తియ్యడానికి ఉంచుకోవడమే. వదిలితే ఎన్నేళ్ళయినా ఇక్కడికే వచ్చి ఈ కప్పు మీదే కూర్చుంటాయి.

గూడు విప్పే పని వచ్చే సోమవారం. మా అమ్మాయి హిల్డె ఓమెర్‌తో అలా మాట్లాడి పెట్టింది. ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలని, నన్ను గెంట్ తీసుకుపోవాలని దాని ఆత్రం. అప్పటికీ లేయోంటిన్ రాకపోతే అని ఓమెర్‌ని అడిగాను. తర్వాత వచ్చినా గూడుండదు కదండీ అన్నాడు. గూడు లేకపోతే అది ఈ ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ఏ డేగకో దక్కుతుంది.

ఆదివారం దుప్పట్ల సంగతి అతనికి తెలిసే ఉంటుంది. ఈ ఊళ్ళో తుమ్మినా సరస్సు అవతలికి వినిపిస్తుంది. దాని ఊసెత్తలేదు. సిరీల్ దుమ్ముకోటు ఎక్కడుందని మాత్రం అడిగాడు. పావురం మొహం చూడదట. ఆ కోటు, ఆ టోపీ, ఆ డబ్బా చప్పుడు, అంతే. అందుకే పావురాలవాళ్ళు ఆ కోటు చిరిగి పీలికలైనా మార్చరు. కోటు ఉడకబెట్టానని చెప్పాను.

గడియారం తీసుకుపొమ్మన్నాను. పందెం మూసేశారు కదా. ఒక పావురం బయట ఉండగా గడియారం కదిలించకూడదు, క్లబ్బు ఆచారం అన్నాడు. అలాంటి ఆచారం ఏదీ లేదు. పావురాలాయన కూతుర్ని, నాకు తెలీదా.

జూలై 5, మంగళవారం

రాలేదు.

జూలై 7, గురువారం

కోటు వేసుకున్నాను. ఉడికి కుదించుకుపోయింది, నాకు సరిగ్గా సరిపోయింది. సిరీల్ టోపీ చెవుల మీదికి వస్తోంది. డబ్బా పట్టుకుని గూటి నిచ్చెన పక్కన కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. డబ్బా ఆడించాను. వాడు ఈల వేసేవాడు. నాకు ఈల రాదు. ఆడపిల్ల ఈల వేస్తే మేరీమాత ఏడుస్తుందని చెప్పి పెంచారు.

హిల్డె ఫోన్ చేసింది. భోజనం చేశావా, నిద్ర పడుతోందా, ఏడుపొస్తే ఆపుకోకు అంది. ఆపుకోడానికి అదేదీ రావడమే లేదని చెప్పలేదు. ఏం చేస్తున్నావని అడిగితే కూర్చున్నానన్నాను. మంచిది, సరస్సు చూస్తూ విశ్రాంతి తీసుకో అంది. నేను సరస్సుకి వీపు పెట్టి కూర్చున్నాను.

మార్సెల్లా కంచె మీదుగా నన్ను చూసి సిలువ గీసుకుంది. తర్వాత, సిరీల్‌ని చూసినట్టే ఉంది టీచరమ్మా అని లోపలికి పోయింది. పగలంతా హోటల్ వాకిట్లో గొడుగులు విప్పలేదు. ఎర్రటివి, రెపరెపలాడతాయి. ఎండలో కూర్చున్న జనం సణుగుతుంటే వినిపించింది.

జూలై 8, శుక్రవారం

వాన. కోటు తడిసింది. ఇక కుదించుకుపోడానికి ఏమీ మిగల్లేదు.

జూలై 9, శనివారం

వచ్చింది. నడిచి.

పొద్దున మార్సెల్లా వాకిలి ఊడుస్తుంటే సరస్సు గట్టు మీది బాటలో ఒక పావురం నడుచుకుంటూ వస్తోందట. బళ్ళు నిలిపే చోటు దాటి, పడవల రేవు దాటి, తిన్నగా. పట్టుకోబోతే పొడిచిందట. అప్పుడు ఆవిడకి అర్థమైంది. బాట మధ్యలో చీపురు అడ్డంగా పట్టుకుని నిలబడి, రెండు వైపులా సైకిళ్ళని ఆపేసింది. ఎవరో జర్మన్ ఆయన గట్టిగా అడిగితే, ఇక్కడ ఇంటికి వచ్చేవాళ్ళకే దారి, మీరు ఆగండి అందట.

నాకిదేదీ తెలీదు. కుర్చీలో కూర్చుని ఉన్నాను. గేటు కింది సందులోంచి దూరింది. రెక్క ఒకటి వేలాడుతోంది, రొమ్ము మీద రక్తం ఎండిపోయి ఉంది. నా ముందుకి వచ్చి ఆగింది. కోటు చూసింది. టోపీ చూసింది. మొహం చూడదని ఓమెర్ అన్నాడు కానీ, చూసింది.

డబ్బా ఆడించాను. కదల్లేదు. నిచ్చెన వైపు నడిచి మొదటి మెట్టు ఎక్కబోయి పడింది. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ పడింది. ఎగిరి దిగవలసిన గూడు. నేను వంగాను. వంగడం కూడా నాకో పెద్ద కార్యక్రమమే. చెయ్యి కింద పెట్టాను. బొటనవేలు మీద పొడిచింది, చర్మం లేచేలా.

నొప్పి పుట్టింది.

నిజమైన నొప్పి. ఆ వేలు చూస్తూ కింద గడ్డిలోనే కూర్చుండిపోయాను. ఎంతసేపో చెప్పలేను. మార్సెల్లా వచ్చి పక్కన నిలబడి, ముక్కు తుడుచుకోండి అని తన ఆప్రాన్ అంచు ఇచ్చింది. అప్పటికి పావురం నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుని ఉంది.

రబ్బరు రింగు తీశాను. నాన్న తీసినట్టే, వేలు అడ్డం పెట్టి. గడియారంలో వేసి తాళంచెవి తిప్పాను. టక్కుమంది. దాన్ని చేత్తో పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కి గూట్లో పెట్టాను.

రాత్రికి పాముచేప పులుసు పంపింది మార్సెల్లా. చుక్కకూర ఎక్కువైంది. రేపు చెప్పాలి.

జూలై 10, ఆదివారం

ఓమెర్ గడియారం కోసం వచ్చాడు. సీలు విప్పి, చీటీ మీద పడిన వేళ చూసి, టోపీ తీశాడు.

తర్వాత గూట్లోకి ఎక్కి పావురాన్ని చూశాడు. రెక్క విరిగింది, మళ్ళీ ఎగరదు, గుడ్లు పెట్టే వయసూ దాటింది అన్నాడు. ఇలాంటిదాన్ని ఎవరూ ఉంచుకోరు, నేనే చూసుకుంటాను, దానికి తెలియను కూడా తెలీదు, సిరీల్ అయినా అదే చేసేవాడు అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. అతని చేతులు పెద్దవి, మెత్తగా ఉంటాయి. నాన్న చేతులూ అలాగే ఉండేవి, ఆ పనీ అలాగే చేసేవాడు, ఆ సాయంత్రం మాకు పులుసుండేది.

"ఓమెర్, దాని మీద చెయ్యి వేస్తే ఈసారి పొడిచేది అది కాదు."

అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మరి రేపు గూడు విప్పే సంగతి అన్నాడు. దేన్ని విప్పుతావు, లోపల మనిషి ఉంటే అన్నాను. మనిషని ఎందుకన్నానో తెలీదు. దిద్దలేదు.

దిగి వెళ్ళేటప్పుడు నిచ్చెన రెండో మెట్టు వదులుగా ఉంది, మేకు కొట్టించుకోండి టీచరుగారూ అన్నాడు. కాసేపటికి తనే సుత్తి పట్టుకుని వచ్చాడు.

జూలై 11, సోమవారం

హిల్డెకి ఫోన్‌లో చెప్పవలసినవి. తాళాలు ఎవరికీ ఇవ్వొద్దు. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు నా చలికాలపు కోటు తేవాలి, బీరువాలో ఎడమ వైపుది. మొక్కజొన్న చిన్న సంచి ఒకటి, పగలగొట్టినది వద్దు. కారు చర్చి దగ్గరే ఆపి నడిచి రావాలి. ఆ ఎర్ర రెయిన్‌కోటు వేసుకోకూడదు.