యుకో ఇచ్చిన టీ పొట్లం

మంగళవారం, సూరత్

పక్క ఫ్లాట్‌లో ఉండే జపాన్ ఆవిడ యుకో వాళ్లమ్మ పోయినప్పుడు మేము పప్పన్నం పంపాం. ఈ రోజు ఆవిడ తెల్ల కాగితంలో చుట్టిన టీ పొట్లం తెచ్చి, వంగి రెండు చేతులా ఇచ్చింది.

"సావైన ఇంట్లకెల్లి ఏమన్న తీసుకుంటరా బిడ్డా? వాపస్ ఇయ్యి," అంది అత్తమ్మ.

ఇవ్వబోయాను. యుకో తీసుకోలేదు.

"దుఃఖంలో ఆదుకున్నవాళ్లకు మేం తిరిగి ఇవ్వాలి. లేకపోతే అమ్మ కార్యం పూర్తి కాదు," అంది వచ్చీరాని హిందీలో. పొట్లం ఉంచుకున్నాను.

ఆవిడ వెళ్లాక అత్తమ్మ తనే పొట్లం విప్పి టీ పెట్టింది. నేను కప్పు అందుకోబోతే ఆపింది.

"జర ఆగు. ఏమన్నయితే ముందుగాల నాకే కానీ."

చేదుగా ఉందట. అయినా కప్పు ఖాళీ చేసింది.