మీరు పంపిన గుడ్డ

వదినా,

పక్షవాతం వచ్చిన రోజే మీ తమ్ముడి మెదడులో రక్తం గడ్డ తీసేశారు. అయినా అప్పుడు షుగర్ విపరీతంగా ఉండటంతో మెదడు బాగా దెబ్బతిందనీ, మాటా కుడిచెయ్యీ ఇక రావడం కష్టమనీ డాక్టరుగారన్నారు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన ఏడాదిగా మొత్తుకుంటే, కుట్టుమిషను తొక్కీ తొక్కీ అనుకుని దానికి మోటారు పెట్టించాం. రక్తపరీక్ష ఊసే రాలేదు.

“పని కళ్లబడితే చెయ్యి అదే లేస్తుంది” అంటూ మీరు పంపిన గుడ్డ నిన్న ఆయన ముందు పరిచాను. చాలాసేపు తడిమారు. తన వల్ల కాని పని తెచ్చినవాళ్లకు తిరిగిచ్చినట్టే, ఎడమచేత్తో మడిచి నాకిచ్చేశారు.

గుడ్డ వెనక్కి పంపుతున్నాను. మీ కొలతలు ఆయనకు కంఠతా వచ్చు, చెప్పలేరంతే. కొత్త దర్జీకి మళ్లీ ఇచ్చుకోండి.

మీ మరదలు