నీ పాట వినబడే వేగం

కరుణా, ముందు చేరినోడే ప్రయాణం చేసినట్టని ఎవరు చెప్పేరు?

నువ్వు పోయి ఏడాదైంది. మనిద్దరం వెళ్దామనుకున్న షిల్లాంగుకి ఈ పొద్దున్న మన పాత బండి మీద ఒక్కడినే బయలుదేరేను. సాగనంపడానికి బైకుల మీదొచ్చిన మన చర్చి సంఘం కుర్రాళ్ళు రావులపాలెంలో నన్ను దాటిపోతూ, "అయ్యగారండీ, దిగి తోసుకెళ్తే ఇంకా ముందెళ్తారండీ!" అని నవ్వేరు. రోషమొచ్చి నేనూ ఎక్సలేటరు తిప్పేసేను. గాలి హోరులో నేను పాడే కీర్తన నాకే వినబడలేదు. వెనక కూర్చుని నా వీపు మీద గుద్ది, "ఏవండీ, నా పాట గాలికి పోతోంది, తగ్గించండి" అనేదానివి, గుర్తుందా? తగ్గించేను.

బైబిల్లో అన్న ఏశావు ముందు పోతే పోయేడు. తమ్ముడు యాకోబు తన పసిపిల్లల నడకకి తగ్గట్టే నడిచేడు, చేరేడు కూడా. చావు నిన్ను బండి దింపింది గానీ నీ పాటని దింపలేదు. తునిలో టీకి ఆగి ఇది రాస్తున్నాను. వెనక సీటు నీదే. ఇవాళే, ఇప్పుడే ఎత్తుకో కరుణా, పల్లవి!