రెండు గేట్లు, ఒకటే బాయిలరు

మార్చి 3
కొత్త ఆర్డరు వచ్చింది. చిన్న పరిశ్రమల్లో సగానికి పైగా ఇక ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదట. పిండిమిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, ఒక హద్దు లోపు నీళ్లు వాడే బట్టల అద్దకాలు, అన్నీ మినహాయింపే. వచ్చిన దరఖాస్తు ఆ హద్దు లోపు ఉందో లేదో చూసి ఒక ముక్క రాయడమే ఇప్పుడు నా పని. పని తగ్గిందని సెక్షన్‌లో ఇద్దరిని వేరే చోటికి వేశారు. మిగిలింది నేనూ, ఎదురు సీటాయనా. ఆయన చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే. ఆయనతో మాట్లాడాలంటే మెయిల్ పెట్టాలి.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే ఆ చప్పుడు గదంతా వినిపించింది.

మార్చి 8, ఆదివారం
పదింటికి చెల్లి ఫోన్. ఎప్పటిలాగే కుక్కర్ విజిళ్ల మధ్య మాట్లాడింది. మరిది అద్దకం యూనిట్ పెడుతున్నాడట, మెషీన్లు దిగాయట. వేసవి సెలవులకి పాపని పంపిస్తానంది. పెద్దమ్మ దగ్గరైతే అడిగినవన్నీ దొరుకుతాయని అది ఇప్పట్నించే బ్యాగు సర్దుకుంటోందట.

అమ్మ పోయేనాటికి చెల్లికి తొమ్మిదేళ్లు. నేను పెంచానని అనను, ఇద్దరం కలిసి పెరిగాం. వారంలో నాతో గంటసేపు మాట్లాడే మనిషి అదొక్కతే.

పక్కగది దులిపాను. మంచం మీద కొత్త దుప్పటి వేశాను.

మార్చి 17
రెండు ఫైళ్లు కలిసి టేబుల్ మీదికి వచ్చాయి. రెండూ బట్టల అద్దకమే. రెండూ హద్దుకి కాస్త లోపే. పక్కపక్క ప్లాట్లు. ఒకటి మరిది తమ్ముడి పేరు మీద ఉంది. రెండోది చెల్లి పేరు మీద.

మొన్న ఆదివారం గంటసేపు మాట్లాడింది. రెండు పేర్ల మీద పెట్టిన సంగతి ఎత్తలేదు.

రేపటి తనిఖీ నా వంతు. మావాళ్లవని ఎదురు సీటాయనకి చెప్పాను. ఆయన ఒక చెవి మాత్రం ఖాళీ చేసుకుని, రెండూ ఎగ్జెంప్టే కదా మేడమ్, చూసొచ్చి నాకిచ్చేయండి, టీ తాగేలోపు అయిపోతుంది, మీరు తప్పుకున్నట్టూ ఉంటుంది అన్నాడు.

మార్చి 18
వెళ్లాను. రెండు గేట్లు, రెండు బోర్డులు. లోపల మధ్యగోడ. ఆ గోడకి ఒక లారీ పట్టేంత సందు. రెండు షెడ్లకీ ఒకటే బాయిలరు. వెనక కాలవలోకి ఒకటే గొట్టం.

మరిది పరుగున వచ్చాడు. వదినగారూ ఎండలో వచ్చారా అంటూ ఫ్యాన్ కింద కుర్చీ వేయించాడు. దాపరికం ఏమీ లేదు. రెండూ కలిపి చూపిస్తే అనుమతి కావాలి, జనాన్ని పిలిచి మీటింగ్ పెట్టాలి, ఈలోగా మెషీన్లు తుప్పు పడతాయి, అందరూ ఇలాగే చేస్తున్నారు వదినగారూ అన్నాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడితే బయట బెంచీ మీద పడుకున్నవాడు.

షెడ్ల వెనక సందులో ఒక టైలరమ్మ ఉంది. ట్రయల్ రన్ అయిన దగ్గర్నుంచి ఆమె బోరు నీళ్లలో తేడా. నానబెట్టిన తెల్ల చొక్కా చూపించింది. గులాబీ రంగు మరకలు. ఈ నీళ్లే తాగుతున్నామండీ, ఇది ఎవరికి చెప్పుకోవాలో చెప్పండి అంది.

నాకే చెప్పాలి అన్నాను.

మార్చి 19, ఉదయం 11
తప్పుకోవడం తేలిక. మావాళ్లది అని ఒక లైను రాసి ఫైలు ఎదురు సీటుకి జరిపితే నా చేతికి ఏమీ అంటదు. పైగా మంచి పేరు. ఆయన సంతకం పెట్టేస్తాడు. గొట్టం అలాగే ఉంటుంది.

అందుకని ముందు చూసింది చూసినట్టు రాశాను. గేట్లు రెండు, బాయిలరు ఒకటి, గొట్టం ఒకటి. ఇది ఒకటే ప్రాజెక్టు, కలిపితే హద్దు దాటుతోంది, మినహాయింపు వర్తించదు. దాని కింద, దరఖాస్తుదారు నా సొంత చెల్లెలు, ఇకపై ఈ ఫైలు నేను చూడను అని రాసి ఇచ్చాను.

ఆయన చదివి రెండు చెవులూ ఖాళీ చేసుకున్నాడు. ఇది రాశాక ఇంక నేనేం చెయ్యగలను మేడమ్ అన్నాడు.

ఏమీ చెయ్యలేకుండా ఉండాలనే రాశాను. తర్వాతి ఫైలు తీశాను.

మార్చి 22, ఆదివారం
పదింటికి ఫోన్ రాలేదు.

మార్చి 23
నేనే చేశాను. ఊరందరికీ మినహాయింపు ఇచ్చావు, నా దగ్గరికొచ్చేసరికి రూల్సు గుర్తొచ్చాయా అంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నువ్వు ఇరుకునపడతావని చెప్పలేదు అంది. నిజమే అయ్యుంటుంది. టైలరమ్మ చొక్కా సంగతి చెప్పాను. ఆవిడ నీకేమవుతుంది అంది.

ఏమీ కాదు అన్నాను. పెట్టేసింది.

ఏప్రిల్ 26
పాప రావడం లేదు. స్విమ్మింగ్ క్లాసుల్లో చేర్పించారట. పాపే మెసేజ్ పెట్టింది. పెద్దమ్మా అని మొదలైంది, చివర ఏడుపు బొమ్మ.

ఉతికిన బట్టలు మడతపెట్టకుండా పక్కగది మంచం మీద పడేస్తున్నాను.

జూన్ 11
రెండు యూనిట్లూ కలిపి ఒకటిగా మళ్లీ దరఖాస్తు పెట్టారు, ఇవాళ షెడ్డు దగ్గర జనంతో మీటింగ్. నేను వెళ్లకూడదు. సీట్లోనే కూర్చుని గడియారం చూశాను. సాయంత్రం అటెండరు వచ్చి చెప్పాడు. టైలరమ్మ లేచి గట్టిగానే మాట్లాడిందట. మరిది తల వంచుకుని విన్నాడట. చివరికి, నీళ్లు శుభ్రం చేసే వదులుతాను, అప్పుడైతే సరేనా అమ్మా అని అడిగాడట. అయితే నాకేం గొడవ బాబూ, నా లైనింగు గుడ్డలు కూడా నీ దగ్గరే అద్దిస్తా అందట. అందరూ నవ్వారట.

చెల్లి కూడా నవ్విందా అని అడిగాను. చివరి వరసలో కూర్చుంది మేడమ్, కనపడలేదు అన్నాడు.

ఆగస్టు 2
పనేమీ లేకపోయినా ఆ దారి బస్సెక్కాను. షెడ్ల వెనక నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు కడుతున్నారు. కాలవలో గొట్టం తీసేశారు. ఇంటికొచ్చాక ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసి పక్కన పెట్టేశాను.

ఆగస్టు 19
అనుమతికి ఇవ్వాల్సిన చివరి కాగితాలతో చెల్లి ఆఫీసుకి వచ్చింది. ఎదురు సీటాయన సెలవు. కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసి రసీదు ఇవ్వడం వరకే నా పని.

నమస్తే మేడమ్ అంది.

కూర్చోమన్నాను. కూర్చుంది. ఏదీ తక్కువ లేదని చూడగానే తెలిసింది. అయినా ప్రతి పేజీ చదివాను. చదివిన పేజీ మళ్లీ చదివాను.