వానాకాలం నమూనాలు

అక్కా,

నీకూ బావకూ మా ఇద్దరి నమస్కారాలు, పాపకు ముద్దులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ మరిది దగ్గు తగ్గింది. నీ ఉత్తరం అంది వారమైనా జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

పాప కడుపునొప్పి తగ్గలేదనీ, నేర్చిన అక్షరాలు మర్చిపోతోందనీ రాశావు. వాగు నీళ్లు కాచే తాగుతున్నాం, ఇంకేం చెయ్యమంటావని అడిగావు. కాస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదక్కా. ఆ నీళ్లు ఇవాళే మానెయ్యండి, వంటక్కూడా వద్దు. పాపకు రక్తపరీక్ష చేయించు. సీసం ఎంతుందో చూడమని డాక్టరుకు విడిగా చెప్పు.

నెలనెలా నేను వాగులో దిగి నీళ్లు పట్టి ల్యాబులో పరీక్షిస్తానని నీకు తెలుసు. ఎగువనున్న బ్యాటరీల ఫ్యాక్టరీ వదిలే మురుగు వానల్లో పలచబడుతుంది. ఎండాకాలంలో వాగు చిక్కిపోతుంది, మురుగు మాత్రం తగ్గదు. ఈ వేసవిలో దిగితే బూడిదరంగు జిగురు పిక్కలకు పట్టుకుంది. సబ్బుతో ఎంత రుద్దినా కంపు వదల్లేదు. సీసం ఉండదగ్గ హద్దుకు తొమ్మిది రెట్లుంది.

మా ల్యాబు మేనేజరుకు చూపించాను. భోంచేస్తున్నాడు. వేళ్లు నాకుతూ, "వానాకాలం నమూనాలు బాగున్నాయిగా, అవే పంపమ్మా. ఎండాకాలం సంగతి ఎవరడిగారు?" అన్నాడు.

కానీ అక్కా, నీకు చెప్పనిది ఒకటుంది. పోయినేడు మీ వీధిలో అంటించారే, వాగు నీరు తాగొచ్చని, ఆ కాగితం కింద సంతకం నాదే. అప్పుడూ వేసవి ఫలితాలు పక్కన పెట్టమన్నాడు, పెట్టాను. "మా చెల్లెలి ల్యాబే చెప్పింది" అని ఇరుగుపొరుగుకు ధైర్యం చెప్పానని రాశావు. అది చదివాక నా మీద నాకే రోత పుట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ జిగురే గుర్తొస్తోంది.

నిన్న రెండేళ్ల వేసవి ఫలితాలూ ఆరోగ్యాధికారిణికిచ్చి, దాచింది నేనేనని రాసిచ్చాను.

"ఉద్యోగం పోతుంది, తెలుసా?" అందావిడ.

"తెలుసండీ" అన్నాను.

రేపటినుంచి మీకు ట్యాంకరు నీళ్లు పంపిస్తామన్నారు. పోస్టులో ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఫలితాల ప్రతి ఇందులోనే పెట్టాను. పక్కింటివాళ్లందరికీ చదివి వినిపించు, నా పేరు దాచకు.

పాప రక్తంలో ఎంతుందో తెలియగానే రాయి. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే ఆ అంకె ఒక్కటే కాగితమ్మీద వేసి పంపు.

ఇట్లు,
ఇంకా నీ చెల్లెలినేనని అనుకుంటున్న
చిన్నది