మొదటిసారి వచ్చిన అంకె

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఎందుకో చివర్లో చెబుతాను.

అల్లుడికి నేను కుట్టిన చొక్కా బిగుతైందని రాశావు. చొక్కా తగ్గలేదు, అల్లుడు పెరిగాడు. ఆ మాట అతనితో అనకు. ఇన్నేళ్ల దర్జీని, నడుము కొలిచి నిజం చెబితే గిరాకీ మళ్లీ గుమ్మం తొక్కదని నాకు తెలుసు. అంకె తగ్గించి చెప్పి, గుడ్డ మాత్రం ఉన్న నడుముకే కత్తిరించేవాణ్ణి.

"అమ్మకు బీపీ ఉంది అని రాయకు నాన్నా, ఎంత ఉందో రాయి" అని కోప్పడ్డావు. నిజమే, అసలు బీపీ లేనివాణ్ణి నలుగురు మోసుకెళ్లాల్సిందే. ఉండాల్సినదాని కన్నా ఎప్పుడూ ఎక్కువుంటేనే జబ్బు. దాన్నే హైపర్‌టెన్షన్ అంటారట, మన మాటలో అధిక రక్తపోటు. పక్కింటి మేస్త్రీ కూలివాళ్ల మీద అరిచినప్పుడల్లా "నాకు బీపీ తెప్పించకండ్రా" అంటాడు. మీ అమ్మ కసరనైనా కసరదు, ఆమెకెక్కడిది అనుకున్నాను. దానికి కోపంతో పని లేదట. చప్పుడు చేయకుండా లోపల కూర్చుంటుందట.

అమ్మ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడినప్పుడు, నువ్వు పంపిన బీపీ మిషను తప్పు చూపిస్తోందని డాక్టరుతో అన్నాను. నీకూ అదే రాశాను. కొత్తది పంపుతానన్నావు.

వద్దు తల్లీ. మిషను మంచిదే.

అమ్మ చేతికి పట్టీ కట్టి మీట నొక్కితే మొదట పెద్ద అంకె వచ్చేది. నువ్వు కంగారు పడతావని కాసేపాగి మళ్లీ కట్టేవాణ్ణి. మళ్లీ. అప్పటికీ దిగకపోతే నేనే కాస్త దించి నీకు రాసేవాణ్ణి, డాక్టరుకూ అదే చెప్పేవాణ్ణి. ఆయన నమ్మి మాత్ర సగం చేశాడు. నా కొట్లో అబద్ధం నోటి వరకే, కత్తెర నిజానికే. ఇక్కడ అబద్ధపు కొలతకే మాత్రను కత్తిరించేలా చేశాను.

నిన్న వెళ్లి డాక్టరు దగ్గర ఒప్పుకున్నాను. పాత మోతాదే రాసిచ్చాడు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి మీ అమ్మకు చెబితే, "నాకు తెలుసులెండి. ఒకే చేతికి అన్నిసార్లు పట్టీ కడుతుంటే తెలీదూ?" అంది.

"మరి అడగొచ్చుగా?"

"అడిగితే మీకు బీపీ వస్తుందని."

ఈ ఉదయం కాసేపు ఆమెను ఊరికే కూర్చోబెట్టి పట్టీ కట్టాను. పైన నూట డెబ్బై ఆరు, కింద నూరు. మొదటిసారి వచ్చినదే రాస్తున్నాను. అమ్మాయి బెంగపడుతుంది, ఇంకోసారి చూడండని మీ అమ్మే చెయ్యి చాపింది.

పట్టీ చుట్టి డబ్బాలో పెట్టేశాను.

ఇట్లు,
కొలత తప్పిన మీ నాన్న